తల్లి కిందా, బల్బు కిందా? పెద్ద కోళ్లున్న పెరట్లో పిల్లల్ని పెంచే దారులు

పెరట్లో ఎనిమిదో పదో పెద్ద కోళ్లు తిరుగుతున్నాయి. వాటిలోకి పిల్లల్ని తేవాలంటే దారులు నాలుగు. పొదుగుకొచ్చిన పెట్ట కింద గుడ్లు పెట్టి పిల్లలు చేయించవచ్చు. హేచరీలో (యంత్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోట) కొన్న ఒకరోజు పిల్లల్ని రాత్రిపూట ఆ పెట్ట కిందకే దూర్చవచ్చు. బల్బు కింద విడిగా పెంచి, ఎదిగాక కలపవచ్చు. లేదంటే ఆరు వారాలు పెంచి అమ్మే పిల్లల్ని కొనవచ్చు.

ఏది మేలో తేల్చే విషయాలు మూడు: పిల్లలు ఎన్ని, పొదుగు మీద పెట్ట ఉందా, పగలు ఇంటిపట్టున మనిషి ఉంటారా. డజను లోపు పిల్లలైతే, నాటుపెట్ట పొదుగు మీద ఉంటే, ఇంకో ఆలోచన పెట్టుకోకండి, తల్లికే వదిలేయండి. ఇరవై దాటితే బల్బు తప్పదు. ఈ రెంటికీ మధ్య ఉన్నవాళ్లకే తర్జనభర్జన.

పెద్ద కోళ్లు పొడిచి చంపేస్తాయేమో అన్నదే అందరి భయం. అది ఉత్త భయమేమీ కాదు. కానీ పొడుపులకు పోయే పిల్లల కంటే తడి ఊకలో రక్తపారుడు పట్టి, పెద్ద కోళ్ల దాణా తిని, నీళ్ల తొట్టిలో పడి, కాకి ఎత్తుకెళ్లి పోయేవే ఎక్కువ. ఏ దారి ఎంచుకున్నా ముందు చూసుకోవలసింది వీటినే.

తల్లి కింద పెంచితే

ఈ పద్ధతిలో కరెంటు ఖర్చు లేకపోవడం చిన్న లాభం. పెద్ద లాభం ఏమిటంటే, పిల్లల్ని తర్వాత మందలో కలిపే పనే ఉండదు. మొదటి వారం నుంచీ తల్లి వెంట తిరుగుతాయి కాబట్టి మిగతా కోళ్లు వాటిని పరాయివాటిలా చూడవు. పిల్లలకోడి ఈకలు నిక్కబొడిచి ఒక్కసారి మీదకొస్తే పుంజు కూడా పక్కకు తప్పుకుంటుంది. గద్ద నీడ పడగానే రెక్కల కిందకు పిలవడం, మట్టి గీరి పురుగు చూపించడం మనం నేర్పగలిగేవి కావు.

నష్టం గుడ్లలో కనబడుతుంది. నాటుపెట్ట ఒక విడతలో పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి, 21 రోజులు పొదిగి, ఆ తర్వాత రెండు నెలలు పిల్లలతో తిరుగుతుంది. అంటే దాదాపు మూడు నెలలు గుడ్డు లేదు. ఏడాదికి నాటుపెట్ట 50, 60 గుడ్ల దగ్గర ఆగిపోవడానికి ఇది పెద్ద కారణం. గుడ్ల కోసమే పెంచేవాళ్లు పిల్లల్ని వారం పది రోజుల్లో బల్బు కిందకు మార్చేస్తే పెట్ట మామూలుగా మూడు నాలుగు వారాల్లో మళ్లీ గుడ్డుకొస్తుంది.

ఒక పెట్ట కింద 10 నుంచి 12 గుడ్లు చాలు. చలికాలం తొమ్మిది చాలు, అంచున ఉన్నవి చల్లబడిపోతాయి. గుడ్లు వారం లోపువి కావాలి. ఎండాకాలమైతే మూడు నాలుగు రోజులకు మించినవి పెట్టకండి. ఏడో రాత్రి టార్చి వెలుగులో చూస్తే బతికిన గుడ్డులో సాలెగూడులా ఎర్రటి నరాలు కనబడతాయి. ఏమీ లేకుండా తేటగా ఉన్నవి తీసేయండి. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని కొన్ని ఇళ్లలో బుట్టలో బొగ్గుముక్కో ఇనుప ముక్కో వేస్తారు. దానివల్ల హాని లేదు. మురిగేది మాత్రం పాత గుడ్డు వల్ల, మే నెల వేడి వల్ల, పెట్ట మాటిమాటికీ లేవడం వల్ల.

ఎక్కువ మంది తప్పు చేసేది బుట్ట పెట్టే చోట. మిగతా పెట్టలు గుడ్లు పెట్టే గూట్లోనే పొదగనిస్తే అవి రోజూ వచ్చి కొత్త గుడ్డు పెట్టి పోతాయి. 21వ రోజు ఐదు పిల్లలు లేస్తాయి, పెట్ట వాటిని వెంటేసుకుని దిగిపోతుంది, సగం ఎదిగిన పిండాలతో మిగతా గుడ్లు చల్లబడతాయి. అందుకే బుట్టను వేరే మూలలో, కాస్త చీకటిగా ఉండే చోట పెట్టి, పెట్టిన గుడ్లన్నిటికీ పెన్సిల్‌తో గీత గీయండి. గీత లేని గుడ్డు కనబడితే అదే రోజు తీసేయాలి. వెడల్పాటి బుట్టలో మూడంగుళాలు ఇసుకో ఊకో పోసి, పైన ఎండుగడ్డి పరచండి. కూర్చోబెట్టే ముందు పెట్ట రెక్కల కింద, తోక దగ్గర పేలు ఉన్నాయేమో చూడండి. పేలున్న తల్లి కింద పిల్లలు రక్తం లేక పాలిపోతాయి. పొదిగే పెట్ట రోజుకు ఒకసారి ఇరవై నిమిషాలు లేచి తిని, తాగి, రెట్ట వేసి వస్తుంది. జొన్నలు, మొక్కజొన్న పెడితే చాలు.

పిల్లలు లేచాక మొదటి వారం తల్లినీ పిల్లల్నీ కలిపి గంప కిందే ఉంచండి. రెండో వారం నుంచి పొద్దున, సాయంత్రం రెండేసి గంటలు వదలండి. మనిషి ఎవరూ లేని ఇంట్లో మాత్రం నాలుగు వారాలు గంపో, జాలీ గదో తప్పదు. పెరట్లో నష్టం ఎక్కువగా జరిగేది ఆ నాలుగు వారాల్లోనే. రాత్రిపూట అరంగుళం కన్నున్న జాలీ ఉంటేనే ముంగిసకూ, పాముకూ అడ్డు. అంగుళం కన్ను జాలీలోంచి పిల్లలే బయటకు వస్తాయి.

కోడి తొక్కితే పిల్ల చస్తుందా అని సామెత. ఇరుకు బుట్టలో బరువైన పెట్ట తొక్కితే చస్తుంది. బుట్ట వెడల్పు ఒకటిన్నర అడుగుకు తగ్గనివ్వకండి.

పెట్టల్లో నాటువి, జాతికోళ్లుగా పిలిచే అసీల్ పెట్టలు మంచి తల్లులు. అసీల్‌తో ఒక చిక్కుంది: తన పిల్లల కోసం ఎంతకైనా తెగిస్తుంది, పక్క తల్లి పిల్ల కనబడితే పొడిచి చంపుతుంది. ఒకేసారి రెండు పెట్టలకు పిల్లలు లేస్తే రెండు మూడు వారాలు విడివిడిగా ఉంచండి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజ, గ్రామప్రియ పెట్టలు పొదుగుకు కూర్చోవు. మందలో అవి మాత్రమే ఉంటే ఈ దారి మీకు లేనట్టే. వనరాజ గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి పిల్లలు తీస్తారు కానీ, పిల్లలకు వనరాజ గుణాలన్నీ రావు. అందుకే ఈ రకాల పిల్లల్ని హేచరీ నుంచే తెచ్చుకోవడం మేలు.

కొన్న పిల్లల్ని పెట్ట కిందకు దూర్చడం

హేచరీ పిల్లలు పదో పన్నెండో దొరికి, ఇంట్లో పెట్ట పొదుగు మీద ఉంటే ఇది అన్నిటికన్నా చవకైన దారి. కాకపోతే అన్నీ సరిపడాలి. పెట్ట కనీసం రెండు వారాలుగా కదలకుండా కూర్చుని ఉండాలి. నిన్ననో మొన్ననో కూర్చున్న పెట్టకు పిల్లల ధ్యాస ఇంకా పుట్టదు. పిల్లలు ఒకటి రెండు రోజులవి కావాలి. మూడు రోజులు బల్బు కింద గడిపిన పిల్లకు బల్బే తల్లి. పెట్ట పిలిచినా పోదు.

పని రాత్రి తొమ్మిది దాటాక, చీకట్లో, మాట్లాడకుండా చేయాలి. పెట్ట కింద చేయి పెట్టి రెండు గుడ్లు తీసి రెండు పిల్లల్ని పెట్టండి. పావుగంట ఆగండి. పెట్ట లోగొంతులో కుక్‌కుక్ అని పిలుస్తుంటే మిగతావాటిని కూడా రెండేసి చొప్పున మార్చి, గుడ్లన్నీ తీసేయండి. ఒక్క గుడ్డు మిగిలినా పెట్ట పొదుగు మీదే కూర్చుంటుంది, పిల్లలు ఆకలితో తిరుగుతాయి. మర్నాడు తెల్లవారకముందే దగ్గరుండాలి. వెలుగులో మొదటిసారి చూసినప్పుడే ఒప్పుకోవడమో కాదనడమో తేలుతుంది. ముక్కుతో మెల్లగా తాకితే పరవాలేదు. తలమీద పొడిచి విసిరేస్తే వెంటనే తీసేయండి. రెండోసారి ప్రయత్నించినా ఫలితం అరుదు. ఇలాంటప్పటికని బల్బు, అట్టపెట్టె ముందే సిద్ధంగా ఉండాలి. అప్పటికే సొంత పిల్లలున్న పెట్టకు అదనంగా చేర్చాలంటే దాని పిల్లలు లేచిన మొదటి రెండు రోజుల్లోనే, రంగులు కలిసేలా చూసుకుని చేర్చండి.

సైకిళ్ల మీద అమ్మే గులాబీ, పచ్చ రంగు పిల్లల్ని ఇలా చేర్చకండి. అవి ఎక్కువగా గుడ్ల ఫారాలకు అక్కర్లేని పుంజు పిల్లలు. టీకా పడిందో లేదో అమ్మేవాళ్లకే తెలియదు.

బల్బు కింద

పాతిక పిల్లలకు చేయవలసిన ఏర్పాటు ఇది. ఒకటిన్నర అడుగుల ఎత్తున్న రేకునో అట్టనో గుండ్రంగా కట్టండి, అడ్డంగా మూడు నాలుగు అడుగులు చాలు. మూలలుంటే పిల్లలు మూలకు కుక్కుకుని అడుగున పడినవి ఊపిరాడక పోతాయి. కింద రెండంగుళాల వరి ఊక, మొదటి రెండు రోజులు దానిపైన గోనెపట్టా వేయండి. న్యూస్‌పేపరు మీద కాళ్లు జారి పిల్లలు చీలికాళ్లవుతాయి. పైన రెండు 60 వాట్ల ఫిలమెంటు బల్బులు. ఎల్ఈడీ బల్బు వేడి ఇవ్వదు. ఒకే 100 వాట్ల బల్బు బదులు రెండు పెట్టమనడానికి కారణం ఒకటే: అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా తెల్లారేదాకా రెండోది కాస్తుంది. రోజంతా వెలిగితే సుమారు మూడు యూనిట్లు కాలుతుంది.

మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద కుప్పపడి కీచుమంటుంటే చలి. బల్బుకు దూరంగా రెక్కలు జార్చి నోరు తెరిస్తే వేడి. అన్నీ ఒకే పక్కకు చేరితే అటువైపు నుంచి గాలి కొడుతోందని. అంతటా పరుచుకుని తింటూ పడుకుంటూ ఉంటే సరిపోయినట్టు. ఏప్రిల్, మే నెలల్లో పగలు బల్బే అక్కర్లేదు, రాత్రికి ఒకటి చాలు. ఆ రోజుల్లో చలికన్నా ఎండదెబ్బకే ఎక్కువ పోతాయి.

కరెంటు పోతే లీటరు సీసాల్లో వేడినీళ్లు నింపి గోనెలో చుట్టి మధ్యలో పెట్టండి, పైన పట్టా సగం కప్పండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం పాత అలవాటే గానీ ఆ పొగకు పిల్లలతో పాటు మనుషులకూ ప్రమాదం.

పిల్లలు రాగానే ముందు నీళ్లు, రెండు మూడు గంటల తర్వాత దాణా. మొదటి పూట లీటరుకు 50 గ్రాముల బెల్లం కలపవచ్చు, ఆపైన మామూలు నీళ్లే. నీళ్ల పళ్లెం అంగుళం లోతుకు మించకూడదు. మించితే గులకరాళ్లు వేయండి. ప్రయాణం చేసి వచ్చిన పిల్లలకు వెనుక రెట్ట గట్టిపడి ద్వారం మూసుకుపోతుంటుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో మెత్తబరిచి తుడవాలి. లాగితే చర్మం ఊడుతుంది.

ఈ దారిలో అదుపంతా మీ చేతిలో ఉంటుంది: టీకాలు, దాణా, లెక్క. లేనిది పెరటి జ్ఞానం. ఇలా పెరిగిన పిల్లకు గద్ద అంటే తెలియదు, పెద్ద కోడి అంటే తెలియదు. ఆ చదువు ఎనిమిదో వారంలో ఒక్కసారిగా మొదలవుతుంది.

కలిపేటప్పుడు

ఆరు వారాల లోపు కలపకండి. ఎనిమిది వారాలైతే నయం. పిల్ల పెద్దకోడిలో సగానికి మించి ఉండాలి. ఒంటరిగా ఒకటి రెంటిని ఎప్పుడూ వదలకూడదు. ఎన్ని ఉంటే అన్నీ ఒకేసారి వెళ్లాలి, పొడుపులు పంచుకుంటాయి.

ముందు రెండు వారాలు జాలీ కాలం. పెద్ద కోళ్ల షెడ్డులోనే ఒక మూల అరంగుళం జాలీ కొట్టి పిల్లల్ని అందులో ఉంచండి. రెండు వైపులా దాణా పళ్లేలు జాలీకి దగ్గరగా పెడితే ఎదురెదురుగా తినడం అలవాటవుతుంది. రెండో వారం చివర సాయంత్రం, పెద్దవి గూటికి చేరే గంట ముందు జాలీ తెరవండి. గంటసేపు తగువాడుకుని చీకటి పడగానే సర్దుకుంటాయి. మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వదలాలి. గదిలో తలుపేసి ఉంచితే తప్పించుకునే చోటు లేక దెబ్బలు తింటాయి. పెరట్లో గోడకు వాల్చిన చెక్కలు, ఎండు తాటిమట్టలు, బోర్లించిన గంపలు నాలుగైదు చోట్ల ఉండాలి, వాటికి రెండు వైపులా దారి ఉండాలి. ఒకవైపే దారి ఉంటే అది దాపు కాదు, బోను. దాణా, నీళ్లు కనీసం మూడేసి చోట్ల పెట్టండి. రాత్రి గూట్లో కోడికి రెండు చదరపు అడుగులు రాకపోతే ఏ జాగ్రత్తా పనిచేయదు. ముందు గూడు పెంచండి.

ఒక పొడుపు, పిల్ల పారిపోవడం, పెద్దది మళ్లీ తిండిలో పడడం మామూలే. అందులో చేయి పెట్టకండి. పెరడంతా వెంటాడి పొడిచే పెట్ట ఒకటి ఉంటుంది. అప్పుడు పిల్లను కాదు, ఆ పెట్టను మూడు నాలుగు రోజులు విడిగా కట్టేయండి. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం తగ్గుతుంది. రక్తం కనబడితే మాత్రం ఆ పిల్లను వెంటనే తీసి, పసుపు, వేపనూనె రాసి మానేదాకా జాలీ వెనుక ఉంచాలి. ఎర్రటి గాయం కనబడితే మిగతా కోళ్లన్నీ అక్కడే పొడుస్తాయి.

కలిపిన వారం పది రోజులకు పిల్లలు రెక్కలు వేలాడేసి ముడుచుకు కూర్చుంటే, రెట్టలో రక్తం కనబడితే, అది పొడుపుల ఫలితం కాదు, రక్తపారుడు. పెద్ద కోళ్ల రెట్టలో దీని బీజాలుంటాయి, వాటికి ఏమీ కాదు. తల్లి వెంట పెరిగిన పిల్లకు ఇవి చిన్నప్పటి నుంచి కొంచెం కొంచెంగా అంది తట్టుకునే శక్తి వస్తుంది. బల్బు పిల్లకు ఒకేసారి మొత్తం అందుతుంది. వానాకాలం ఊక తడిగా ఉంటే మరీ వేగం. ఊకను చేత్తో పిడికిలి పడితే ముద్ద కట్టకూడదు, కడితే మార్చేయాలి. ఆంప్రోలియం మందు నీళ్లలో కలిపి ఐదు నుంచి ఏడు రోజులు ఇస్తారు. మోతాదు పశువైద్యుణ్ణి అడిగి, పెరట్లో ఆ మందు నీళ్లు తప్ప వేరే నీళ్లు లేకుండా చూడాలి.

దాణా: నాలుగు దారుల్లోనూ ఒకే తలనొప్పి

గుడ్ల కోళ్ల దాణాలో సున్నం (కాల్షియం) శాతం మూడున్నర నుంచి నాలుగు దాకా ఉంటుంది. పిల్లకు కావలసింది ఒక శాతం. ఎక్కువైన సున్నం మూత్రపిండాలను పాడుచేస్తుంది. అది ఆ రోజే కనబడదు, వారాల తర్వాత పిల్ల ఎదగక, కాళ్లు పడిపోయి తెలుస్తుంది. తిప్పి చెబితే ఇబ్బంది లేదు: పిల్లల దాణా పెద్ద కోళ్లు తిన్నా వాటికేమీ కాదు, గుడ్డు పెంకు పలచబడుతుందంతే. అందుకే పది కోళ్ల లోపు పెరటికి సులువైన మార్గం ఒకటుంది. అందరికీ పిల్లల దాణానే పెట్టి, పెద్ద పెట్టల కోసం ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో ఉంచండి. పెట్టలు తమకు కావలసినంత ఏరుకుంటాయి, పిల్లలు దాని జోలికి పెద్దగా పోవు. సంచి మీద రాసింది మాత్రం చదవండి. రక్తపారుడు రాకుండా కలిపే మందుల్లో కొన్ని గుడ్లు పెట్టే కోళ్లకు పనికిరావు. అలాంటిదైతే మందు లేని దాణా తెచ్చుకోవాలి.

కోళ్లు ఎక్కువుంటే ఆ ఖర్చు భరించలేం. అప్పుడు పిల్లలకు గంప దాణా. మూడడుగుల వెడల్పు గంప బోర్లించి, చుట్టూ రెండంగుళాల సందులు వదిలి, పళ్లెం నట్టనడుమ పెట్టండి. పెట్ట మెడ చాస్తే అడుగు దాకా అందుకుంటుంది కాబట్టి చిన్న గంప పనికిరాదు. పిల్లలు ఐదో వారం దాకా దూరగలవు.

నూకలు మాత్రమే వేసి పెంచితే కాళ్లలో బలం రాదు, ఈకలు ఆలస్యమవుతాయి. మాంసకృత్తులు 20 శాతం దగ్గర ఉండాలి. పేడ, తడి గోనె నింపిన కుండ రాత్రి బోర్లించి, పొద్దున అందులో చేరిన చెదలను పిల్లలకు పెట్టే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. వేరుశనగ చెక్క వానాకాలం బూజు పడితే వేయకండి, ఆ బూజు విషం పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

టీకాలు, తెచ్చిన పిల్లలు

హేచరీ పిల్లలకు మారెక్స్ (కాళ్లూ రెక్కలూ పడిపోయే వైరస్ జబ్బు) టీకా మొదటి రోజే పడుతుంది. బిల్లు మీద అడిగి రాయించుకోండి. అది పనిచేయడానికి వారం రెండు వారాలు కావాలి. పెద్ద కోళ్ల ఈకల దుమ్ములో ఆ వైరస్ ఉండవచ్చు. అందుకే బల్బు గది షెడ్డుకు దూరంగా ఉండాలి, రోజూ ముందు పిల్లల పని చూసుకుని ఆ తర్వాతే పెద్ద కోళ్ల దగ్గరకు వెళ్లాలి, చెప్పులు వేరుగా ఉండాలి. పెట్ట కింద లేచిన పిల్లలకు ఈ టీకా ఉండదు. ఆ దారిలో ఇదొక లోటు.

మిగతావి ఎక్కడ పెరిగినా ఒకటే: ఐదు నుంచి ఏడో రోజు కొక్కెర తెగులుకు లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో, 14వ రోజు గంబోరో అనే వైరస్ జబ్బుకు టీకా, 28వ రోజు లసోటా మళ్లీ, ఆరో వారం మశూచి, ఎనిమిదో వారం కొక్కెర తెగులుకే ఆర్2బి అనే సూది. తల్లి వెంట తిరిగే పిల్లల్ని పగలు పట్టడం ఎవరి తరమూ కాదు. రాత్రి తల్లి కింద నుంచి ఒక్కోటి తీసి వేసి, వేసినవాటిని వేరే బుట్టలో పెడుతూ రండి. సీసా మామూలుగా వంద డోసులది, కలిపాక ఐసులో ఉంచి రెండు గంటల్లో వాడేయాలి. పన్నెండు పిల్లల కోసం కొంటే మిగతాదంతా పారబోతే. నాలుగిళ్ల వాళ్లు ఒకే రోజు పెట్టుకుంటే సరి.

ఆరు వారాల పిల్లల్ని కొనేది, పొదుగు పెట్టా లేక, కరెంటు నమ్మకమూ లేక, ఇంటి దగ్గర మనిషీ లేక ఉన్నవాళ్లు. ధర ఎక్కువే కానీ బల్బు కాలం నష్టం అమ్మినవాడిదే. కొనేటప్పుడు టీకాల తేదీలు అడగండి. ఒక పిల్లను చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి వినండి, గురక వస్తే ఆ గుంపులో ఏదీ తేవద్దు. తెచ్చాక మూడు వారాలు వేరే చోట ఉంచి, తర్వాతే జాలీ కాలం మొదలుపెట్టండి. ఆ మూడు వారాల్లో ఒకేసారి నాలుగైదు పోతే పూడ్చేసి ఊరుకోకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు చెబితే పశువైద్య వాహనం వస్తుంది. పెద్ద కోళ్ల వైపు ఆ రోజు ఎవరూ వెళ్లకూడదు.